సెగ

గుదైబియాల ఫిలిప్పీనోల బ్యాండుకు
గురువారం గురువారం డ్రమ్స్ కొడత.
"మెల్లగ గంగారాం, కస్టమర్లు తింటున్నరు"
అంటది రోవెనా.
బ్రష్షులతోటి తాంబాలం తుడిచినట్టు కొడత.
పొద్దంత సెంట్రింగు చెక్కలకు మేకులు దించిన చేతులాయె,
మెల్లగ అంటే వాటికేం ఎరుక?

మలయాళోల్ల ఓణం నాడు
చెండలు ఇరవై ఒకటి. నాకు తాళాలిచ్చి
వెనక వరుసల నిలబెట్టిన్రు.
గోవా ఫ్లావియోతోని పెండ్లిళ్లకు పోతే
పాటకు రెండు దినార్లు, బిర్యానీ వేరే.
ఒకపారి రెండూ ఎగ్గొట్టిండు.

బతుకమ్మకు మనోళ్లే పిలిచిన్రు.
సంచిలకెల్లి డప్పు తీస్తే
సముద్రం గాలికి తోలు నానిన అట్ట లెక్క.
మంట పెట్టద్దన్నడు వాచ్‌మన్.
ఏసీ డబ్బా వెనక వేడిగాలికి పట్టిన,
కారు బానెట్టు మీద బోర్లేసిన.
మోగలే.
ఆడోళ్లు స్పీకర్ల పాట పెట్టుకున్నరు.

మొన్న ముహర్రక్‌ల, ఒక పాత ఇంట్ల
ముత్యాలకు మునిగెటోల్ల పాటలు పాడే ముసలోల్లు.
మైకులు మోయనీకె తోల్కపోయిండు ఫ్లావియో.
నడిమిట్ల కుంపటి.
జాసిం తాత తన డప్పును, తార్ అంటరట,
నిప్పుల మీద తిప్పి తిప్పి
గోటితోటి టక్కుమనిపించి, చెవుకాడికి తెచ్చుకొని
మొఖం చిట్లిచ్చి
మళ్ల సెగకు పట్టిండు.

ఆరేండ్లయింది
తోలు కాగే వాసన చూడక.

వైర్లు కింద పెట్టి కుంపటి దిక్కు పోయిన.
ఆయన నా చేతులు చూసిండు,
ఏం అడగలే.
జరంత జరిగిండు.