హాట్ యాక్సిల్

డెబ్బై ఒకటి, డిసెంబరు చలి. కాజీపేట యార్డుల
లాంతర్లకు నల్లగుడ్డ కట్టినం.
తాడిపత్రులు కప్పుకున్న ట్యాంకుల బండి
మూడో లైన్ల ఆగింది. ఒక చక్రం కాడ కమురు వాసన.

"ఇరుసు కాలింది" అన్నడు ఓదెలన్న.
వంగి చూడకముందే చెప్తడు,
వాకిట్ల నిలబడి కూర మాడిందని చెప్పినట్టు.

"జాకీ ఎత్తు, యాకూబ్!"
ఎత్తిన. నా కంటె పెద్ద వయసు జాకీ.
పైన అంత ఇనుము
ఊపిరి బిగబట్టింది.
ఇత్తడి చిప్ప చేతికొచ్చింది, సగం అరిగి, సగం కరిగి.
స్టోర్ల కొత్తది లేదు.
ఓదెలన్న పక్క లైన్ల బొగ్గు వ్యాగన్ కిందికి దూరి
దాని చిప్ప ఊడబెరుక్కొచ్చిండు:
"బెల్లంపల్లి బొగ్గుకు తొందరేంది,
భూమిల ఎన్నేండ్లు పండుకోలే అది!"

నూనెల నానిన మిల్లు దూది కుక్కుతుంటె
తాడిపత్రి లేపి దిగిండొక సిపాయి,
మీసం ఇంకా నూగే.
"కిత్నీ దేర్, భాయ్?"
పావుగంట అన్న.
చాయ గ్లాసు రెండు చేతుల పట్టుకొని
పట్టాల దిక్కు చూసిండు.
"ఆరామ్ సే కరో" అన్నడు. "కోయీ జల్దీ నహీ."

ఆ మాట నేను తెలుగు చెయ్యలే.
ఓదెలన్న బిగించిన నట్టును మల్ల విప్పిండు,
తుడిచిండు, దీపం కాడ తిప్పి తిప్పి చూసిండు,
బిగించిండు.
మల్ల విప్పిండు.

తెల్లారి రిజిస్టర్ల నేనే రాసిన:
బండి ఇరవై నిమిషాలు లేటు.
కారణం కాడ,
నట్టు మొరాయించిందని.