నడుమెత్తు

మహారాణిపేట దిగువన, ఆసుపత్రి గోడకి ఎదురుగా
మైక్రోస్కోపులు బాగుచేసే కొట్టు మాది.
కటకాల మీది బూజు తుడవడం అసిరయ్య మేస్త్రి పని.
పెట్టెలో పెట్టి పంపడం నా పని.
ఇరవై రెండేళ్ళుగా అదొక్కటే నా చదువు.

ఈ ఊళ్ళో అట్టని నమ్మకూడదు.
సముద్రం గాల్లోంచి వచ్చి దాన్లో కూర్చుంటుంది,
నాలుగోనాటికి మెత్తబడ్డ అప్పడం.
జూన్‌లో అయితే టేపుకి కూడా చెమట.
అంచేత పెట్టెలో పెట్టె, మధ్యన నాలుగు వేళ్ళ జాగా.
ఆ జాగాలో కాగితం కూరితే నలిగి చస్తుంది,
గడ్డి కూరితే పురుగు.
నేను ఫిషింగ్ హార్బరుకి పోయి
చిరిగిన నైలాను వలలు కిలో లెక్కన తెస్తాను.
మూడు నీళ్ళలో ఉతికి మేడ మీద ఆరేసినా
కానాగంతల వాసన పోదు.
సాలూరు కాలేజీ వాళ్ళొకసారి ఉత్తరం రాశారు:
యంత్రం క్షేమం,
పిల్లలకే ల్యాబులో ఆకలేస్తోంది అని.

కటకాల పక్కన వేయించిన బియ్యం, గుప్పెడు, గుడ్డమూటలో.
తేమని బియ్యం తాగాలి, గాజు తాగకూడదు.

ఆఖర్న మేస్త్రి పెట్టిన పరీక్ష:
కొట్టు మెట్ల మీద నిలబడి
నడుమెత్తు నుంచి వదిలెయ్యాలి.
ప్రతిసారీ నా కడుపులో ఏదో జారుతుంది.
దబ్బుమన్నాక వంగి చెవి ఆనిస్తాను.
లోపల ఎవరూ పలక్కపోతే
అరచేతంత అక్షరాలతో చిరునామా రాస్తాను.
'జాగ్రత్త, గాజు' అని మాత్రం రాయను.
ఆ మాట చదివితేనే కొందరికి చేతులు దురద.

పాడేరు పెట్టె మాఘమాసంలో పంపాను.
ఫోన్లో దాని జాతకం చూస్తూ కూర్చున్నాను.
ఆటోనగర్లో బయల్దేరింది. విజయవాడ చేరింది.
కొండెక్కాల్సింది కృష్ణ ఒడ్డున ఏం చేస్తోంది?
మళ్ళీ ఆటోనగర్. మళ్ళీ విజయవాడ.
చిరునామా దొరకలేదు, తిరుగు ప్రయాణం, అన్నారు.
పదకొండో రోజు సాయంత్రం
'అందజేయబడినది. సంతకం: స్వయంగా.'
మా గుమ్మంలో ఏమీ లేదు.
పెట్టె తనకి తనే సంతకం పెట్టుకుందా?

ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు,
తొమ్మిది దాకా నొక్కాను.
వైదేహి అనే పిల్ల, గొంతులో నిద్ర,
మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది.
పంపేముందు నాలుగు వైపులా తీసిన ఫోటోలు అడిగింది.
పన్నెండు రోజులకి ఒక వాక్యం వచ్చింది:
ప్యాకింగ్ సరిగా లేనందున పరిహారం వర్తించదు.

డబ్బు సంగతి మేస్త్రి చూసుకుంటాడు.
ఆ వాక్యం మాత్రం
రెండు పూటలు నాకు అన్నానికి అడ్డం పడింది.

ఆ గురువారం పెట్టె వచ్చింది.
బావమరిది బండి నడుపుతుంటే
వెనక పోలినాయుడు, ఎడంచేతికి కట్టు,
కుడిచంకలో నా నల్లటి అక్షరాలు.
ఒక మూల అణిగిపోయి టైరు గుర్తు.
ఊపక్కర్లేదు, పట్టుకుంటేనే లోపల గలగల.

"కాన్వెంట్ జంక్షన్ కాడ బొగ్గులారీ గుద్దేసిందక్కా.
ఈ పెట్టి మీదే పడిపోనాను,
ఇది నేకపోతే నా బుర్ర పగిలిపోను.
ఆస్పత్రి బల్ల మీద పడుకునే నొక్కీసేను, అందిందని.
నొక్కకపోతే ఆరోజు కూలి కోసీసుకుంటారు."

స్వయంగా అంటే ఇతనన్నమాట.

"కంపెనీ ఏమైనా ఇచ్చిందా?"
"పడ్డప్పుడు టోపీ పెట్టుకున్నట్టు ఫోటో అడిగేరు."

టేపు కోశాను. కటకం మూడు ముక్కలు.
వల ఉన్నచోటే ఉంది, ఒక పక్క మాత్రం
మనిషి బరువంత గుంట.
వాసనకి పోలినాయుడు ముక్కు ఎగబీల్చాడు:
"ఇదే! ఆ రోజు కళ్ళు మూసుకుపోతుంటే
హార్బర్లో పడ్డాననుకున్నాను."

ఆ వలే నాలుగు మడతలేసి
గోనెగుడ్డలో పెట్టి కుట్టి
కట్టు కింద, మెడ నుంచి వేలాడేలా తగిలించాను.
మేస్త్రి అద్దాల మీంచి చూసి, బాగుందన్నాడు.
ఈ ఒక్కదాన్నీ మెట్ల మీంచి వదిలి చూడలేదు.

బండెక్కబోతూ ఆగాడు.
"అక్కా, ఓటీపీ."
ఏడు, మూడు, సున్నా, ఏడు, అన్నాను.