ఇరుసు చిల్ల

సోలో నగరంలో, పూల సంత వెనక,
కెస్తి అక్షరాలు కోస్తుంది.
థర్మాకోల్ మీద వేడి తీగ, కాలిన వాసన.
పెళ్లికి గులాబి రంగు, చావుకి నీలం.
ఇంటివాళ్ల కంటే ముందే వాకిట్లో నిలబడి
ఏడ్చే పలకలు అవి.

నిన్న చర్చివాళ్లకి "సుక చిత", సంతోషం.
ఇవాళ "దుక చిత", సంతాపం.
మొదటి అక్షరం ఒక్కటే కొత్తగా కోసింది.
మిగతావి నిన్నటివే, గుండుసూదులు పీకి, తుడిచి.

దుఃఖం, చిత్తం. ఎప్పుడో ఓడెక్కిన మాటలు.
దారిలో విసర్గ చుక్కలు రెండూ
సముద్రంలో పడిపోయాయి.
ఖకారం ఒత్తు వదిలేసి కకారమై రేవులో దిగింది.
చిత్తం బక్కచిక్కి "చిత" అయింది.
మన చెవికి కట్టెల వాసన. వాళ్లకి కాదు.
రెండుసార్లు అంటే, చిత-చిత,
పెద్దయ్యాక ఏమవుతావని పిల్లల్ని అడుగుతామే, అది.
నడుమ సున్న చుడితే చింత:
మనకి దిగులు, కాదంటే చారులోకి పులుపు.
వాళ్లకి ప్రేమ.

దుఃఖాన్ని ఇంకా విప్పితే
దుః, ఖ.
ఈ ఖ ఆకాశం కాదు, చిల్ల.
బండిచక్రం నడుమ ఇరుసు దూరే చిల్ల.
వడ్రంగి చెయ్యి కుదిరితే సు-ఖం.
వంకర పోతే
ఊరు చేరేలోగా ఎముకలు లెక్కపెట్టుకోవడం.
ఒప్పుకోని పండితులున్నారు. ఉండనీ.
వాళ్లు తుకిరన్ రిక్షా ఎక్కలేదు.

తుకిరన్‌కి చదువు రాదు.
పలకల్ని రిక్షాకి అడ్డంగా కట్టి చేరవేస్తాడు.
ముందు ఎడమ చక్రం రెండు వారాలుగా
కిర్రు కిర్రు.
"బాగుచేయించుకోరాదూ" అంది కెస్తి.
"చేసేవాడికేగా ఈ పలక."

అప్పుడు చూసింది పేరు. వార్సిది, సైకిల్ మేస్త్రీ.
రిక్షావాళ్లు తలా కొంచెం వేసుకున్నారు.
అందుకే పలక చిన్నది, పూలు కాగితంవి.
కెస్తి ఇంకో వరస పూలు గుచ్చింది, లెక్కలో రాయలేదు.

సందు మలుపు తిరగకముందే
వార్సిది భార్య బయటికొచ్చింది.
పలక చూసి కాదు. కిర్రు విని.
"ఇన్నాళ్లూ ఇలాగే తొక్కుతున్నావా?"
లోపలికెళ్లి
ఆయన రేకు డబ్బాలన్నీ నేల మీద బోర్లించింది,
ఆ కొలత ఇనుప గోలీల కోసం.

తుకిరన్ చక్రం ఊడదీసి
చిల్లలోంచి ఓసారి అవతలికి చూశాడు,
వేలితో పాత గ్రీజు తీశాడు.

ఆమె దీపం పట్టుకుంది.
పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేక
పలకని గోడకి తిప్పి ఆనించారు,
అక్షరాలు లోపలివైపు.