గొడుగు

దిదూబే దాటాక సొరంగంలోకి దూరింది రైలు.
ఎదుటి సీట్లో ఆమె నిద్ర,
నోరు కాస్త తెరుచుకుని.
ఒళ్ళో పసివాడి బూటు. ఒంటిది.

మెలకువగా ఉంటే వద్దనేది.
అందుకే తీశాను.

"వెలుతురు భలే పడింది, పోటీకి పంపు" అన్నాడు గోచా.
పేరూ వాడే పెట్టాడు: తల్లి.
ఎవరు చెప్పారు వాడికి?
మడమ ఊడితే కుట్టించడానికి పట్టుకెళ్తున్న ఆయా కావచ్చు.
మేనత్త కావచ్చు.
సీటు కింద దొరికితే, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని
పట్టుకుని కూర్చుని
కునుకు తీసిన మనిషీ కావచ్చు.

రాత్రి రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశాను.
ఆమె తల వెనక, కిటికీ అద్దంలో
నా పక్క సీటు ముసలమ్మ.
ఆమెని చూడట్లేదు, ఫోన్నీ చూడట్లేదు.
నన్ను చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది గొడుగు.
ఇసానీ ఇంకా రానేలేదు,
ఠప్పున పడింది నేల మీద.
నిద్రలో ఉన్నామె ఉలిక్కిపడి లేచి
బూటుని కోటు లోపలికి లాక్కుంది.
పాపం, చేయి జారిందనుకుని
నేనే వంగి తీసిచ్చాను ముసలమ్మకి.
తలైనా ఊపలేదు.

ఫొటో ఇంకా చెరపలేదు నేను.
అందులో గొడుగు
ఇంకా పడలేదు.