జారిన చుక్క

తెల్లారి నాలుగు గొట్టంగ ఫోన్ల మెసేజ్ వడ్డది.
అరబ్బీ నాకు రాదు, అంకెలు వస్తయి.
నాలుగు, ఎనిమిది, ఒకటి, రెండు, ఐదు, రెండు.
ఎవలిదో ఫోన్ నంబరనుకున్న.
బాయిలర్ ముట్టిచ్చి మల్ల జూసిన.
పక్కన దిర్హాం అని ఉన్నది.

అజ్మాన్ల, నుఐమియా రెండో గల్లీల
మాది మూడు ఇస్త్రీపెట్టెల లాండ్రీ.
అంగికి రెండు దిర్హాలు.
దినాం ఐదు వందల అంగీలు రుద్దినా
ఈ బాకీ తీరేందుకు ఏడాది మీద నాలుగు నెల్లు,
అదీ నేనూ దుబ్బరాజం తినకుంట,
కిరాయి కట్టకుంట, పండకుంట.

దుబ్బరాజం ముందుగాల నవ్విండు.
"మనం గంత పెద్దోళ్లమెప్పుడైనం?"
అటెన్క షెట్టర్ సగం గుంజి
డబ్బల చిల్లర ఎంచిండు.
ఎందుకెంచిండో అడగలే.

టైపింగ్ సెంటర్ శశీంద్రన్ కండ్లద్దాలు నొసటికి జరిపి
కాయితం పక్కన కాయితం వెట్టిండు.
"మీరు రాసింది తొంభై ఆరు వేల రెండు వందల యాభై,
నలభై ఫిల్సులు.
వాళ్ల దాంట్ల చుక్క లేదు."

నలభై ఫిల్సులు పోయి దిర్హాలల్ల గూసున్నయి.
మూడు నెలల మా గిరాకి
తొంభై ఆరు లక్షలయింది.

మా దిక్కు చుక్క అంటె ముగ్గుల వెట్టేది,
తెల్లారగట్ల పొడిచేది,
సెలవునాడు దుబ్బరాజం గొంతుల వడేది.
గది జారితె గూడ మనిషి మునుగుతడని
యాభై రెండేండ్లకు తెలిసింది.

కట్టిన రసీదున్నది, గడువుకు రెండు దినాల ముందటిది.
"ఉంటె సరిపోదు, అర్జీ వెయ్యాలె,
నలభై పనిదినాలు ఆగాలె."
వాళ్లదే తప్పని రాయమన్న.
"అట్ల రాయరు," అన్నడు శశీంద్రన్,
"తేడా కనబడుతున్నదని రాస్తరు."
నూట యాభై తీస్కొని
చాయ్ తాగుమని ఇరవై వాపసిచ్చిండు.

ఊకె ఆగబుద్ధి గాలే.
మూడు నెలల టోకెన్ ముక్కలు బియ్యం సంచిల నింపి
ఆఫీసుకు వోయినం.
చల్లటి గాలి, నున్నటి బండలు,
సంచి లోపట ఇంక సబ్బు వాసన.
కౌంటర్ల పిల్ల, పేరు మౌజా అని పలక మీదున్నది,
సంచి మూతి విప్పి ఒక ముక్క తీసింది.
వచ్చీరాని హిందీల అడిగింది, ఇదేందని.
దుబ్బరాజం చేతిరాత:
నీలం అంగి. గుండీ లేదు. మాది గాదు.

"మాది గాదంటె?"
"వాళ్లు ఇచ్చినప్పుడే గుండీ లేకుండె.
రేపు మా మీద వడుతదని
ముందే రాసి పెట్టుకుంటం."

ఆమె నవ్వుతదనుకున్న, నవ్వలే.
స్క్రీన్ దిక్కు శానసేపు జూసింది.
"నాకు కనబడుతంది చాచా, చుక్క.
దీనికి కనబడాలె."

ముప్పై ఏడో దినం జవాబొచ్చింది.
బాకీ సున్న.
దుబ్బరాజం శశీంద్రన్‌ను అలుముకున్నడు,
ఆయన అద్దాలు కింద వడ్డయి.
ఏరుకొని, తుడుచుకొని, ఇంకో పాలి సదివి
మెల్లగ అన్నడు, కింద ఇంకో గీత ఉన్నదని.

ఆలస్యానికి జరిమానా:
తొమ్మిది వేల ఆరు వందల ఇరవై ఐదు.
లేని బాకీని యాళ్లకు కట్టనందుకు.
ఈసారి చుక్క మరువలే.
చుక్క అవతల నాలుగు ఫిల్సులు.

మల్ల అర్జీ. మల్ల నలభై దినాలు.
మల్ల నూట యాభై అడగలే శశీంద్రన్,
తలకాయ ఊపి టైపు జేస్కుంట కూసున్నడు.

రాత్రి పదకొండుకు ఆఖరి కందూరా మడత వెట్టి చూస్తె,
దుబ్బరాజం ఆ జరిమానా కాయితాన్ని
టోకెన్ల కొక్కానికి గుచ్చుతున్నడు.
మూలకు పెన్నుతోటి రాసిండు:
వచ్చినప్పుడే గిట్లున్నది. మాది గాదు.