పొల్లు పోకుండా

జూన్ నెల. తోతాపురి లారీలు
గుజ్జు ఫ్యాక్టరీ కాటా కోసం
మా సందు మొగదాకా బారులు తీరి నిద్రపోతున్నాయి.
చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదురు, రేకుల కొట్లో
నేనూ, ఫ్యానూ, తెల్లటి తెరా మేలుకోని ఉన్నాం.

సాయంత్రం చెంగల్‌రాయులు వచ్చిపోయినాడు.
నలభై ఏండ్లు ఊరందరి పత్రాలూ రాసిన చెయ్యి.
‘రాసి ఇచ్చినవారు’ అనే చోట
తన పేరు పడడం ఇదే మొదలు.
చెల్లెలికి ఆరు సెంట్లు.
కాయితం బల్ల మీద పరిచి పేరు కింద గోరుతో గీసినాడు.
“ఏమ్మా కుముదా, నా ల కాళ్ళ కింద
ఈ ర ఎప్పుడొచ్చి కూసునింది?”

చూసినాను: చెంగల్రాయులు.
“పలికితే రెండూ ఒకటే కద సామీ.”
“పలికేదానికి ఒకటే.
మా నాయన ల రాసి, పొల్లు పెట్టి, కలం ఎత్తి,
ఊపిరి తీసుకోని, అప్పుడు రా రాసినాడు.
పాసుబుక్కులో అట్లనే ఉండాది.
పత్రమంటే పొల్లు పోకుండా ఎక్కాల.
రేపు పది గంటలకి.”

టైపు చేసేటప్పుడు బాగానే ఉంది.
సేవ్ అంటానే ర జారి ల కింద పడుతుంది.
అనుమానం ఎప్పుడూ పక్కింటి మీదే కదా మొదలు:
ఫాంటు మార్చినాను. పడింది.
ఎడిటర్‌కి తగిలించుకున్నవన్నీ
లాడ్జిలో లైట్లార్పినట్టు ఆర్పుకుంటా వచ్చినాను.
రంగులు దిద్దేది. తేదీ వేసేది. బ్రాకెట్లు మూసేది.
పడింది. పడింది. పడింది.
వెలుగుతా మిగిలింది ఒక్కటే, నేను రాసిందే.
పేరు కూడా నేనే పెట్టినాను: చేట.

పాత ఫైళ్ళ నుంచి అతికించిన పేరాల్లో
కంటికానని నలుసులు వచ్చి చేరేవి.
ఎదురుగా ఉన్న మాటను వెతికితే లేదనేది ఎడిటరు.
రెండేండ్ల కిందట, విసుగెత్తి,
సేవ్ చేసిన ప్రతిసారీ చెరిగి పారబోసేట్టు
ఒక రాత్రిలో రాసి, టీ తాగి, మరిచిపోయినాను.

ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఒక మాట కాపలా పెట్టినాను.
తెర కింది అంచున పలకతా వచ్చింది:
‘ఇక్కడికి వచ్చినా’
‘ఇంకా ఉండా’
‘పేరు పొడుగు పదమూడు’
‘పేరు పొడుగు పన్నెండు’

వేళ్ళు మడిచినాను. చ, దాని ఎత్వం, సున్న, గ,
ల, పొల్లు,
ర, దీర్ఘం, య, కొమ్ము, ల, కొమ్ము.
పన్నెండే. మళ్ళీ పన్నెండే.
బయట ఏదో లారీ దగ్గి, ఒక అడుగు ముందుకు జరిగి ఆగింది.
పదమూడోది ఎవరు?

పొల్లుకీ ర కీ నడుమ నిలబడి ఉంది అది.
వెడల్పు లేదు, సిరా లేదు, శబ్దం లేదు.
ఏ కాటాలోనూ తూగదు.
ఈ ఇద్దర్నీ కలవనీకు, అనేదొక్కటే దాని ఉద్యోగం.
పొల్లు పోలేదు.
పొల్లు పక్కనున్నది పోయింది.

నలభై ఏడో లైను. వెడల్పు సున్నా అయితే తీసెయ్.
దాని పక్కన నా మాటే, నా తెలుగే:
‘వీటితో ఏం పని లేదు.’

మార్చేదానికి రెండు నిమిషాలు పట్టింది.
సేవ్. పదమూడు. మూసి, తెరిచి, సేవ్. పదమూడు.
నమ్మకం చాలక ఇంకోసారి.

పడుకోవచ్చు. పడుకోలేదు.
రెండేండ్ల ఫోల్డర్ తెరిచినాను.
మేస్త్రీ అబ్దుల్‌రజాక్, గ్రీమ్స్‌పేట జేమ్స్‌రాజ్,
మామిడిమండీ సెల్‌రాజు, ఇంకా పదకొండు మంది.
అందరి పేర్లూ నా చేటలో పడి లేచినవే.
ఎవరూ వచ్చి అడగలేదు.
అడగాలని తెలిసినవాడు ఒక్కడే, ఆయన నలభై ఏండ్లు రాసినాడు.

పొద్దున ఆయన భూతద్దం పెట్టి చూసుకున్నాడు.
బాగుందనలేదు.
“ఫ్యానాపు, కాయితం ఎగురుతాది” అన్నాడు,
ఇరవై రూపాయలు లెక్కగా పెట్టి రోడ్డు దాటినాడు.

నేను రజాక్ మేస్త్రీకి ఫోను కలిపినాను.
ఏమని చెప్పాల?
మీ పేరులో కనపడనిది ఒకటి మా కొట్లో పోయింది,
వీలు చూసుకోని వచ్చి తీసుకోని పోండి, అనా?
మొదటి రింగుకే ఎత్తినాడు.