ముంజెతోలు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు.
చీమకుర్తిలో పగలడానికి రోళ్ళు యాడున్నాయి?
ఉన్న రాళ్ళన్నీ లారీలెక్కి హార్బరుకి పోయినయ్.
ఇంగ ఎండకు దొరికింది
మా ఆఫ్రీన్ వీపే.

ఏడు నెలల వీపు.
నా రెండు అరచేతులు పక్కపక్కన పెడితే నిండిపోయేంత.
మెడ మడతలో మొదలై
భుజాలు దాటి నడుము దాకా
ఎర్రెర్రని చెమటకాయలు.

నేను గెలాక్సీ రాయికి పాలిష్ పడతా.
నల్లటి పలక మీద బంగారు చుక్కలు
ఎంత దగ్గరగా ఉంటే అంత రేటు.
మేస్త్రీ టార్చి లైటేసి మరీ చూస్తాడు.
రాత్రి నేనూ సెల్లు లైటేసి చూశా.
చుక్కలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి,
కొనేవాడు లేడు.
మా నిద్ర మాత్రం అమ్ముడుపోయింది.

పాప గట్టిగా ఏడవదు, గునుస్తుంది.
చాపకేసి వీపు రుద్దుకుంటుంది
దురద పుట్టిన దూడ గుంజకేసి రుద్దుకున్నట్టు.
ఖాశింబీ డబ్బాడు పౌడరు కొట్టింది.
అది చెమటకు తడిసి
మెడ మడతలో పిండిముద్దయి కూచుంది.

సబ్ సెంటర్ నర్సమ్మ సామ్రాజ్యం
గౌను చూసింది, డబ్బా చూసింది,
చివరికి నన్ను చూసింది.
"ఏమయ్యా, నువ్వు చొక్కా విప్పి కూచున్నావే,
దానికి మాత్రం నైలానా?
పౌడరు మూత పెట్టు. నూనె జోలికి పోవద్దు.
చెమట బయటికి రావడానికి దారి అడుగుతుంటే
మీరేమో వాకిలికి మట్టి కొడతన్నారు."

మేనత్త పెట్టిన మెరుపుల గౌను దండెం మీదికి పోయింది.
పెట్టె అడుగునుంచి
మా నాయనమ్మ నూలుచీర దిగింది,
ఉతికి ఉతికి గాలంత పల్చనయింది.

మేం దూదేకులోళ్ళం.
మా తాత విల్లు మోగిస్తా ఊరూరా దూది ఏకినోడు.
ఆయన చేతులు చివరిదాకా
అప్పుడే ఏకిన దూదిలా ఉండేవంట.
ఇంట్లో గొర్రు వచ్చింది, పాత విల్లు వచ్చింది,
ఆ చేతులు మాత్రం నాకు రాలేదు.
నాకున్నవి ఇవి.
రాయిని అద్దం చేసి
తాము గరుకు కాయితమైనవి.

మొన్న ఖాశింబీ రేషను కార్డు పనిమీద పోతా
పాపను నాకొదిలింది.
వేపాకు నీళ్ళు కాచి చల్లార్చి పెట్టింది.
పోశాక రుద్దకూడదంట, అద్దాలంట.
నాకు పది హార్స్‌పవర్ మోటారు తెలుసు,
చక్రం కింద చిమ్మే నీళ్ళ పైపు తెలుసు.
అద్దడం తెలీదు.
వేలు ఆనించగానే పాప వెక్కింది.
చెయ్యి వెనక్కి లాక్కున్నా
దొంగతనంలో దొరికినోడిలా.

అప్పుడొచ్చాడు తాళ్ళూరు రోడ్డు మీదుగా
సైకిలుకు రెండువైపులా తాటిగెలలేసుకుని
ఏసురత్నం.
వాడి మెడ చుట్టూ కూడా పేలివుంది.
మూడు ముంజెలడిగితే ఆరు కోసి
"కాయ నువ్వు తిను, తోలు పాపకియ్యి" అన్నాడు.

పల్చటి తోలు.
లోపలివైపు ఇంకా జిగురు, చల్లదనం.
వేళ్ళకు కప్పుకున్నా.
ముప్పై ఏళ్ళకు
నా చేతికి చర్మం మొలిచింది.

మెడ మడతలో, చంక కింద, వెన్ను వెంట
ఒక్కో నిప్పుచుక్కనీ ఆర్పుకుంటా పోయా.
ఎవరిదా చెయ్యి అన్నట్టు
పాప వెనక్కి తిరిగి చూసింది.
నాదే అని నమ్మించే పని పెట్టుకోలేదు.
తాటాకు విసనకర్ర తీశా.
నూలుచీర మీద బోర్లా పడి
చొంగ కారుస్తా నిద్రపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది
బనియను కింద నాకూ మండుతోందని.
ఒక తోలు మిగిలుంది.
మోచెయ్యి మెలితిప్పి వెనక్కి పంపా.
భుజాల మధ్య
సరిగ్గా పాప వీపంత మేర
అందలేదు.

ఖాశింబీ వచ్చేదాకా
గోడకు ఆనకుండా కూచున్నా,
తోలు ఆరిపోకుండా
నీళ్ళ గిన్నెలో వేసి.